గ్రూప్ 3 ఆయిలా, పీఏఓ ఆయిలా: ఒక టర్బో పెట్రోల్ కారు కేసు

బండి 2 లీటర్ల టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్, బీఎస్6. ఓనరు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇల్లు, పిల్లల స్కూలు, ఆఫీసు. అన్నీ ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేసేంత దూరాలు. శనాదివారాల్లో తరచూ అమ్మానాన్నల దగ్గరికి విజయవాడ, 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏకబిగిన. ఫిర్యాదు ఒక్కటే: సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ తగ్గిపోతోంది, టాపప్ పొయ్యాల్సి వస్తోంది. పొగ లేదు, నేల మీద మరకా లేదు.

షెడ్డుకి వస్తూ ఆయన రెండు డబ్బాలు తెచ్చుకున్నారు. ఒకటి మన దగ్గర దొరికే ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-40 (డబ్ల్యూ ముందున్న అంకె చలిలో, వెనకది వేడిలో చిక్కదనం చెబుతుంది). రెండోది బయటి దేశం నుంచి తెప్పించిన అదే గ్రేడు, 'పీఏఓ ప్లస్ ఎస్టర్' (రెండూ రసాయనికంగా తయారుచేసిన నూనెలు) అని మీద అచ్చేసి ఉంది, ధర దాదాపు మూడింతలు. "అన్నా, మా బావమరిది మినియాపొలిస్‌లో ఇలాంటిదే వాడతాడు. ఇక్కడ అమ్మేదంతా క్రూడ్ నుంచి శుద్ధి చేసిన గ్రూప్ 3 అట, పేరుకే సింథటిక్ అట. అసలైనది పోస్తే ఆయిల్ తగ్గడం ఆగుతుంది కదా?"

ఈ ప్రశ్న నాకు వారంలో ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. ప్రశ్న తప్పు కాదు గానీ, వరుస తప్పు. ముందు ఆయిల్ ఎటు పోతోందో తెలియాలి. దాన్నిబట్టి ఆయిల్లో మనకు ఏ గుణం కావాలో తేలుతుంది. ఆ గుణాన్ని ఏ బేస్ ఆయిల్ (ఎడిటివ్‌లు కలపకముందు ఉండే అసలు నూనె) ఇస్తుందన్నది ఆ తర్వాతి మాట. ఈ కేసులో ఆ వరుస పట్టుకుని వెళ్లాం కాబట్టే జవాబు దొరికింది.

ముందు ఆయిల్ ఎటు పోతోంది

సంప్, వాల్వ్ కవర్, టర్బో రిటర్న్ పైపు, ఫిల్టర్ హౌసింగ్ అన్నీ తుడిచి, తిప్పి తెచ్చి మళ్లీ చూశాం. చెమ్మ లేదు. కూలెంట్ తగ్గడం లేదు. లీక్‌డౌన్ టెస్టులో నాలుగు సిలిండర్లూ బాగానే నిలబడ్డాయి, ప్లగ్గులు పొడిగా ఉన్నాయి. క్రాంక్‌కేస్ ఆవిరిని ఇన్‌టేక్‌కి పంపే పీసీవీ వాల్వు డయాఫ్రమ్ చిరగలేదు. టర్బో బయటికి తోసే వైపు గొట్టంలో మాత్రం పల్చటి జిడ్డు పొర. బోరోస్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) దించి ఇన్‌టేక్ వాల్వులు చూస్తే వెనక భాగం మీద నల్లటి పేరుకుడు, ఈ రకం ఇంజిన్లలో మామూలుగా కనిపించేదానికంటే కొంచెం ఎక్కువే. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వు మీద పడదు కాబట్టి దాన్ని కడిగే దిక్కుండదు. పీసీవీ దారిన వచ్చిన ఆయిల్ ఆవిరి అక్కడే మాడి గట్టిపడుతుంది. కొంత ఆయిల్ ఇలా పోతోందని తేలింది. అయితే ఆయన పోస్తున్న టాపప్‌కి ఇదొక్కటే సరిపోయే లెక్క కాదు.

డిప్‌స్టిక్ చూసే పద్ధతి ఆయనకి నేర్పించాను: రోజూ ఒకే చోట, చదునైన నేల మీద, ఇంజిన్ వేడెక్కాక ఆపి కొన్ని నిమిషాలు ఆగి చూడడం. విజయవాడ వెళ్లే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి ఫొటో తీసి పంపమన్నాను. ఆ ఫొటోలే కేసుని మలుపు తిప్పాయి. వారం రోజులు లెవెల్ కదలడం లేదు. కొన్ని ఫొటోల్లో గీత కాస్త పైకి కూడా వచ్చింది. తగ్గేదంతా విజయవాడ ప్రయాణంలోనే.

లెవెల్ పైకి రావడమంటే ఆయిల్లోకి ఏదో వచ్చి చేరుతోందన్నమాట. చల్లటి ఇంజిన్లో స్ప్రే అయిన పెట్రోల్ పూర్తిగా ఆవిరి కాక సిలిండర్ గోడకి అంటుకుంటుంది, రింగుల పక్కనుంచి సంప్‌లోకి జారుతుంది. చిన్న దూరాలు తిరిగే డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో ఇది బాగా తెలిసిన సంగతే. హైవే మీద ఆయిల్ గంటల తరబడి 100 డిగ్రీలు, ఆపైన కాగినప్పుడు ఆ పెట్రోల్లో తేలికపాటి భాగం ఆవిరై పోతుంది. పెట్రోల్లో కలిపే ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి అది ముందు పోతుంది. పెట్రోల్లో బరువైన భాగం 200 డిగ్రీల దాకా మరుగుతుంది కాబట్టి అందులో కొంత ఆయిల్లోనే ఉండిపోతుంది. ఆయన "ఆయిల్ తగ్గింది" అనుకుంటున్నదాంట్లో సగానికి సగం, బహుశా ఇంకా ఎక్కువే, వారమంతా చేరిన పెట్రోల్ వెళ్లిపోవడమే.

ల్యాబుకి రెండు శాంపిళ్లు పంపాం. ఒకటి శుక్రవారం సాయంత్రం తీసింది, రెండోది విజయవాడ నుంచి రాగానే తీసింది. శుక్రవారం శాంపిల్లో ఫ్లాష్ పాయింట్ (ఆయిల్ ఆవిరి అంటుకునే వేడి) బాగా పడిపోయింది, గ్యాస్ క్రొమటోగ్రఫీలో పెట్రోల్ శాతం ల్యాబు పెట్టుకున్న హెచ్చరిక గీత దాటింది. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5 సెంటీస్టోక్స్ కిందికి దిగింది, అంటే 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడులోకి జారింది. హైవే తర్వాతి శాంపిల్లో పెట్రోల్ చాలావరకు పోయింది, చిక్కదనం కొంత తిరిగొచ్చింది గానీ పూర్తిగా రాలేదు. ఆ తిరిగిరాని భాగం నన్ను ఆపింది. ఆయిల్లో మిగిలిన బరువైన పెట్రోల్ ఒక కారణం, వేడిలో ఆయిల్ పల్చబడకుండా కలిపే విస్కాసిటీ మాడిఫయర్ పాలిమర్ తెగిపోవడం రెండో కారణం. బేస్ ఆయిల్ సంగతి నిజంగా మొదలయ్యేది ఈ రెండో దగ్గరే.

ఇనుము, అల్యూమినియం మామూలుగానే ఉన్నాయి. సిలికాన్ తక్కువ, అంటే ఎయిర్ ఫిల్టర్ పని చేస్తోంది. టీబీఎన్, అంటే ఆమ్లాల్ని విరిచే శక్తి, సగం పైన మిగిలింది. బీఎస్6 పెట్రోల్లో గంధకం 10 పీపీఎంకి దిగాక, పెట్రోల్ బండ్లలో టీబీఎన్ తరిగిపోవడం ఒకప్పటంత పెద్ద సమస్య కాదు.

గ్రూపుల గోల

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) బేస్ ఆయిల్స్‌ని అయిదు గ్రూపులు చేసింది. శాచురేట్లు (హైడ్రోజన్ నిండుగా ఉన్న నిలకడైన అణువులు) 90 శాతం కంటే తక్కువ ఉన్నా, గంధకం 0.03 శాతం మించినా గ్రూప్ 1. ఆ రెండూ హద్దులో ఉండి విస్కాసిటీ ఇండెక్స్ (ఇది ఎంత ఎక్కువైతే వేడికి చిక్కదనం అంత తక్కువ మారుతుంది) 80 నుంచి 119 లోపు ఉంటే గ్రూప్ 2. 120, ఆపైన ఉంటే గ్రూప్ 3. పీఏఓ, అంటే పాలీ ఆల్ఫా ఒలిఫిన్, ఒక్కటే గ్రూప్ 4. మిగిలినవన్నీ గ్రూప్ 5: ఎస్టర్లు, ఆల్కైలేటెడ్ నాఫ్తలీన్ వగైరా. ఈ లెక్కన మన ఆముదం కూడా అయిదో గ్రూపే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ విమాన ఇంజిన్లు ఆముదంతో తిరిగాయి, క్యాస్ట్రాల్‌కి ఆ పేరు క్యాస్టర్ నుంచే వచ్చింది. ఆముదం నుంచి తీసే సెబాసిక్ ఆమ్లంతో చేసిన డైఎస్టర్లు తర్వాత జెట్ ఇంజిన్లకీ ఎక్కాయి. పాలమూరు ఎర్రనేలల్లో ఆముదం చేల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి ఎస్టర్ నాకెప్పుడూ పరాయి సరుకు అనిపించదు.

గ్రూప్ 3ని సింథటిక్ అనొచ్చా? ఈ తగాదాకి ఒక చరిత్ర ఉంది. 1990ల చివర క్యాస్ట్రాల్ తన సింటెక్ ఆయిల్లో పీఏఓ తీసేసి, హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసిన క్రూడ్ బేస్ పెట్టింది. మొబిల్ అభ్యంతరం చెప్పింది. అమెరికాలో ప్రకటనల వివాదాలు చూసే నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ 1999లో క్యాస్ట్రాల్ వైపే తేల్చింది: ముడిపదార్థం రసాయనికంగా అంతగా మారిపోయినప్పుడు సింథటిక్ అనడానికి ఆధారం ఉందని. అప్పటినుంచి గ్రూప్ 3 డబ్బా మీద కూడా ఆ మాట ఉంటోంది. జర్మనీలో మాత్రం ఫుల్లీ సింథటిక్ అనే జర్మన్ మాటని పీఏఓ, ఎస్టర్ ఆయిళ్లకే ఉంచారు. బావమరిది చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది పేరు గురించిన నిజం. ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో దాన్నిబట్టి చెప్పలేం.

లోపల జరిగేది అణువుల సంగతి. పీఏఓని ఇథిలీన్ నుంచి కట్టుకొస్తారు: ముందు 1-డెసీన్, దాన్ని మూడేసి, నాలుగేసి కలిపి, చివర హైడ్రోజన్ పట్టిస్తారు. అణువులన్నీ ఇంచుమించు ఒకే సైజు. గ్రూప్ 3 అయితే క్రూడ్‌లో బరువైన భాగాన్ని హైడ్రోజన్‌తో విరగ్గొట్టి, మైనపు గొలుసుల్ని కొమ్మలు వేసేలా మార్చి, ఆపైన డిస్టిల్ చేసింది. ఎంత జల్లించినా బియ్యంలో కాస్త నూక మిగిలినట్టు, దాంట్లో తేలికపాటి అణువులు కొన్ని మిగులుతాయి. వేడికి ముందు ఎగిరేవి అవే.

ఎంత ఎగురుతాయో కొలిచేది నోవాక్ టెస్ట్: 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి బరువు ఎంత పోయిందో చూడడం. 100 డిగ్రీల దగ్గర 4 సెంటీస్టోక్స్ ఉండే బేస్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. గ్రూప్ 2 దాదాపు 25 శాతం పోగొట్టుకుంటుంది. మంచి గ్రూప్ 3 అయితే 14, 15. పీఏఓ 12 నుంచి 14. ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో సహజవాయువు నుంచి షెల్ తీసే జీటీఎల్ బేస్ కూడా పీఏఓ పక్కనే నిలబడుతుంది, లెక్కకి మాత్రం అది గ్రూప్ 3. 6 సెంటీస్టోక్స్ బేస్‌లకి వెళ్తే గ్రూప్ 3కి 7, 8 శాతం, పీఏఓకి 6, 7. విస్కాసిటీ ఇండెక్స్‌లోనూ తేడా స్వల్పమే: 4 సెంటీస్టోక్స్ దగ్గర రెండూ 120ల్లోనే ఉంటాయి.

ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా కనిపించేది పోర్ పాయింట్‌లో. గ్రూప్ 3 మైనస్ 15, 20 డిగ్రీల దగ్గర కదలడం మానేస్తుంది. పీఏఓ మైనస్ 65 దాటినా జారుతుంది. మినియాపొలిస్‌లో జనవరి రాత్రి మైనస్ 25కి దిగితే ఈ తేడా స్టార్టర్ మోటారుకీ, బేరింగులకీ తెలుస్తుంది. అక్కడున్న మనవాళ్లు పీఏఓ ఎక్కువగా ఉన్న 0డబ్ల్యూ ఆయిల్ పోస్తే సరైన పనే చేస్తున్నారు. మనకి లంబసింగిలో సున్నా దగ్గరికొస్తే పేపర్లో వార్త. 5డబ్ల్యూ ఆయిల్‌కి స్టార్టింగ్ పరీక్ష పెట్టేదే మైనస్ 30 దగ్గర. గచ్చిబౌలి సెల్లార్‌లో పార్క్ చేసే బండికి పీఏఓ తాలూకు అతిపెద్ద గొప్పదనం ఒక్క రోజు కూడా అక్కరకి రాదు.

అయినా పీఏఓని తీసిపారెయ్యను. దాని ఉపయోగం మన ఎండల్లోనూ ఉంది, కాకపోతే చుట్టుదారిలో. 0డబ్ల్యూ-40 లాంటి విస్తారమైన గ్రేడు చెయ్యాలంటే చలి పరీక్ష దాటడానికి పల్చటి బేస్ వాడాలి, వేడిలో 40కి నిలబెట్టడానికి పాలిమర్ ఎక్కువ పొయ్యాలి. పల్చటి బేస్ ఎక్కువ ఎగురుతుంది, ఎక్కువ పాలిమర్ ఎక్కువ తెగుతుంది. చలిలో సహజంగానే జారే పీఏఓ ఉంటే కొంచెం చిక్కటి బేస్‌తోనే పని జరుగుతుంది, పాలిమర్ కూడా తగ్గుతుంది. గ్రేడు ఎంత వెడల్పైతే పీఏఓకి అంత విలువ. 5డబ్ల్యూ-40కి వచ్చేసరికి 6 సెంటీస్టోక్స్ గ్రూప్ 3తో కూడా మంచి ఆయిల్ చెయ్యగలరు.

ఎస్టర్ కథ వేరు. పీఏఓలో ఎడిటివ్‌లు సరిగా కరగవు, అది రబ్బరు సీళ్లని కుంచింపజేస్తుంది కూడా. ఎస్టర్ కొంచెం కలిపితే ఆ రెండూ సర్దుకుంటాయి. అది ధ్రువ స్వభావం ఉన్న పదార్థం, లోహానికి అంటుకుంటుంది. ఆ గుణాన్నే డబ్బాల మీద గొప్పగా రాస్తారు. కానీ అదే లోహం మీద చోటు కోసం అరుగుదల ఆపే జింక్ ఎడిటివ్‌తోనూ పోటీ పడుతుంది, నీరు తగిలితే విడిపోయే స్వభావమూ ఉంది. కాబట్టి ఎస్టర్ ఎక్కువుంటే మంచిదన్న లెక్క కుదరదు. ఎంత, ఏ ఎస్టర్, మిగతా ఎడిటివ్‌లతో ఎలా కుదిరిందన్నదే చూడాలి.

రెండు డబ్బాలూ బల్ల మీద

డబ్బా మీది మాటలు వదిలేసి సేఫ్టీ డేటా షీట్ తెరవడం నా అలవాటు. మూడో సెక్షన్‌లో పదార్థాల రిజిస్ట్రీ నంబర్లు ఉంటాయి. 68037-01-4 కనిపిస్తే అది 1-డెసీన్ నుంచి చేసిన పీఏఓ. 848301-69-9 అయితే జీటీఎల్. 64742-54-7 అయితే హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన పారాఫినిక్ ఆయిల్. ఈ చివరిది గ్రూప్ 1, 2, 3ల్లో ఏదైనా కావచ్చు, ఎడిటివ్‌లు కరిగించడానికి వాడినది కూడా కావచ్చు. అందుకే ఆ ఒక్క నంబరు చూసి తీర్పు చెప్పకూడదు. శాతాలు కూడా వెడల్పాటి హద్దుల్లో ఇస్తారు, కాబట్టి ఇది ఆచూకీ మాత్రమే.

ఇక్కడ దొరికే డబ్బాలో ఎక్కువ పాలు గ్రూప్ 3 కోవకి చెందిన నంబర్లు, తక్కువ పాళ్లలో పీఏఓ. రెండోదాంట్లో చెప్పినట్టే పీఏఓ ప్రధానం, ఎస్టర్ కొంచెం. టెక్నికల్ డేటా షీట్లలో రెండింటికీ హెచ్‌టీహెచ్‌ఎస్ (బాగా వేడిలో, ఒత్తిడిలో నిలిచే చిక్కదనం) 3.5 పైనే, రెండింటికీ నోవాక్ ఒంటి అంకెలోనే. నోవాక్‌కి యూరప్ ప్రమాణం ఏసీఈఏ ఏ3/బీ4 హద్దు 13 శాతం, అమెరికా, జపాన్ కార్ల కంపెనీల ప్రమాణం ఐఎల్‌ఎస్‌ఏసీ జీఎఫ్-6 హద్దు 15 అని గుర్తుపెట్టుకుంటే రెండూ బాగా కిందే ఉన్నాయి. ఆయన అంతవరకు వాడిన ఆయిల్ నోవాక్ మాత్రం 13కి దగ్గర్లో ఉంది. అది కూడా గ్రూప్ 3నే. అదే గ్రూపు, అదే గ్రేడు, ఆవిరయ్యే లెక్కలో మాత్రం ఇంత తేడా.

ఇంకో తేడా నా దృష్టిలో పెద్దది. ఇక్కడి డబ్బాకి హ్యాండ్‌బుక్‌లో అడిగిన తయారీదారు అప్రూవల్ నంబరు ఉంది, ఏపీఐ ఎస్‌పీ అనే నాణ్యతా ప్రమాణం ఉంది. దిగుమతి డబ్బా మీద ఉన్నది 'అనువైనది' అన్న మాట మాత్రమే. ఎస్‌పీ 2020లో వచ్చింది. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లు తక్కువ వేగంలో గట్టిగా లాగేటప్పుడు స్పార్క్‌కి ముందే మండే ఎల్‌ఎస్‌పీఐ మీద, టైమింగ్ చైన్ అరుగుదల మీద దాంట్లో ఇంజిన్ పరీక్షలున్నాయి. ఎల్‌ఎస్‌పీఐకి ముఖ్యంగా కారణమయ్యేది కాల్షియం డిటర్జెంట్, దాన్ని కొంత తగ్గించి మెగ్నీషియం పెడతారు. ఎంత ఖరీదైన పీఏఓ అయినా ఆ పరీక్ష దాటని డిటర్జెంట్‌తో ఈ ఇంజిన్లో పొయ్యను. కార్ల కంపెనీల అప్రూవళ్లు బేస్ ఆయిల్ పేరు అడగవు, ఇంజిన్ని నడిపి, విప్పి చూస్తాయి.

పోసి చూసినప్పుడు

ముందు ఇక్కడి ఆయిల్ పోశాం. హ్యాండ్‌బుక్ 15,000 కిలోమీటర్లంటుంది, దాన్ని ఈ బండి వాడకానికి 7,500కి కుదించాను. వారం మధ్యలో ఒకరోజు ఇంటికి నేరుగా పోకుండా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆయిల్ బాగా కాగేదాకా తిప్పమన్నాను. స్కూలు, ఆఫీసు ప్రయాణాలు రెండు స్టార్టులు కాకుండా ఒకే స్టార్టులో అయ్యేలా ఆయనే సర్దుకున్నారు. ఈ కేసులో ఆయిల్ బ్రాండు కంటే ఎక్కువ పనిచేసింది ఈ సర్దుబాటే. శుక్రవారం శాంపిల్లో పెట్రోల్ హెచ్చరిక గీత కిందికి వచ్చింది, చిక్కదనం 40 గ్రేడు లోపలే నిలిచింది. విజయవాడ ప్రయాణంలో లెవెల్ దిగడం తగ్గింది. పూర్తిగా ఆగలేదు, ఈ ఇంజిన్లో ఆగుతుందని నేను ఆయనకి చెప్పనూ లేదు.

తర్వాత ఆయన కోరిక మీద రెండో డబ్బా కూడా అదే కిలోమీటర్లు నడిపాం. అప్రూవల్ లేని సంగతి, వారంటీకి దానివల్ల వచ్చే చిక్కు ముందే చెప్పి, ఆయన సరేనన్నాకే పోశాం. పెట్రోల్ చేరడంలో ఏ తేడా లేదు. అది ఇంజెక్టర్, రింగు, చల్లటి సిలిండర్ గోడ చేసే పని, సంప్‌లో ఏ ఆయిల్ ఉన్నా ఒకటే. లెవెల్ తగ్గడంలో డిప్‌స్టిక్ చూపించగలిగినంత తేడా కనిపించలేదు. అరుగుడు లోహాలు రెండింట్లోనూ తక్కువే. తేడా కనిపించింది ఒక్కచోట: హైవే తర్వాత పెట్రోల్ పోయాక చిక్కదనం దాదాపు కొత్త ఆయిల్ స్థాయికి తిరిగొచ్చింది. పాలిమర్ తక్కువ ఉన్న ఆయిల్ తక్కువ తెగింది. పీఏఓకి ఇవ్వాల్సిన మార్కు ఇది. 7,500కే మార్చేసే బండిలో ఆ మార్కుకి మూడింతల డబ్బు దండగ. కారూ ఇంజిన్ ఒకటే అయినా ఒక ఆయిల్ ఎండాకాలంలో, రెండోది ఎక్కువగా చలికాలంలో నడిచింది కాబట్టి చిన్న తేడాల్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

రెండో ఆయిల్ రిపోర్టులో ఒక పేజీ చూసి ఆయన కంగారుపడ్డారు. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో ఆక్సిడేషన్ ఎర్ర గీత దాటిందని ల్యాబు రాసింది. ఆయిల్ మాడితే పుట్టే కార్బొనిల్ బంధం తరంగ సంఖ్య 1740 దరిదాపుల్లో శిఖరంలా లేస్తుంది. ఎస్టర్ అణువులో పుట్టుకతోనే అదే బంధం ఉంది. సీలు తీసిన కొత్త ఆయిల్ శాంపిల్ కూడా దాంతో పాటే పంపాను కాబట్టి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టించాను. శిఖరం కొత్త ఆయిల్లోనూ ఇంచుమించు అంతే ఎత్తుంది. టీఏఎన్ (ఆయిల్లో ఆమ్లం లెక్క) పెరగలేదు, చిక్కదనం పెరగలేదు. అది మాడిన ఆయిల్ కాదు. ఎస్టర్ ఉన్న ఏ ఆయిల్‌నైనా ల్యాబుకి పంపేవాళ్లు కొత్త ఆయిల్ శాంపిల్ జత చెయ్యకపోతే, బాగున్న ఆయిల్‌ని పారబోస్తారు.

బండి ఇప్పుడు మళ్లీ ఇక్కడి గ్రూప్ 3 ఆయిల్ మీదే నడుస్తోంది, అదే విరామం, అదే ఔటర్ రింగ్ రోడ్డు అలవాటు. పీఏఓ ఎక్కువున్న ఆయిల్ నేను సూచించే బండ్లు వేరే ఉన్నాయి: ట్రాక్ మీద గంటల తరబడి రెడ్‌లైన్ దగ్గర తిప్పేవి, హ్యాండ్‌బుక్‌లోనే 0డబ్ల్యూ-40 అడిగేవి, అప్రూవల్ ఉండి ఎక్కువ దూరం ఒకే ఆయిల్ మీద నడవాల్సినవి. బైకులకైతే బేస్ ఏదైనా ముందు తడి క్లచ్‌కి సంబంధించిన జపాన్ ప్రమాణం జాసో ఎంఏ2 చూస్తాను, ఆయిల్లో మునిగి తిరిగే ఆ క్లచ్ జారితే బేస్ ఆయిల్ గొప్పతనం ఎవరికీ పనికిరాదు. ఇన్‌టేక్ వాల్వుల పేరుకుడిని మొదటిసారే వాల్‌నట్ పెంకుల పొడి కొట్టి శుభ్రం చేశాం. వచ్చే సర్వీసులో మళ్లీ బోరోస్కోప్ దించి, నోవాక్ తగ్గించినందుకు వాల్వుల మీద ఎంత ఫలితం వచ్చిందో అప్పటి ఫొటోల పక్కన పెట్టి చూస్తాం.